చిక్కబళ్ళాపుర సీమ బడియిండ్లు

చరిత్ర యనగానే కోటలును, కొలువులును, యుద్ధములును మనకు స్ఫురించును. గుమ్మనాయకనపాళ్యపు కోటను గూర్చియు, గుడిబండ దుర్గమును గూర్చియు, నందికొండను గూర్చియు మనవారు తఱచుగ వ్రాయుచునే యున్నారు. ఆ కోటల క్రిందనున్న పల్లెలలో తరతరములుగ పిల్లలు కూర్చుండి ఓనమాలు దిద్దిన చోట్లను గూర్చి వ్రాసినవారు మాత్రము అరుదు. ఆ బడియింటి గోడ దేనితో లేచినది, కప్పు దేనితో వేసిరి, మార్చి నెల యెండలో పిల్లవాని నెత్తికి నీడ యెచటనుండి వచ్చినది, ఆ నీడలోనికి ఎవరిని రానిచ్చిరి, ఎవరిని రానీయలేదు అనునదియు చరిత్రయే. ఈ సంచిక చదువువారిలో పలువురి తాతముత్తాతలు అట్టి బడులలో చదివినవారే గనుక విషయము మనకు పరాయిది కాదు.

నేను చెప్పబోవునది చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాల సీమను గూర్చి. 2007వ సంవత్సరము వరకు ఇవి కోలారు జిల్లాలోనివి. ఆ యేట చిక్కబళ్ళాపురము ప్రత్యేక జిల్లా యైనది. సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తుననున్న చిక్కబళ్ళాపురము నుండి ఉత్తరముగ పోయినకొలది నేల పల్లమగుచు, గాలి వేడెక్కుచు, బాగేపల్లి చేరునప్పటికి ఎత్తు సుమారు 700 మీటర్లకు తగ్గును. ఆపై కొలది దూరముననే ఆంధ్రదేశపు సరిహద్దు. నందికొండల ప్రాంతమున ఉత్తర పినాకిని, దక్షిణ పినాకిని, చిత్రావతి, పాపాగ్ని పుట్టుచున్నవి. అయినను ఈ సీమలో ఏడాది పొడుగున పారెడి ఏరు ఒక్కటియు లేదు. పుట్టినింట నిలువక అత్తింటి దారిపట్టిన ఆడపడుచులవలె ఆ నదులు తమ నీటిని కొనిపోవును. సంవత్సరమునకు పడు వాన సుమారు 700 మిల్లీమీటర్లు; అందులో పెద్దపాలు సెప్టెంబరు, అక్టోబరు మాసములలోనే. ఆ నాలుగు వానలను చెరువులలో కట్టిపెట్టుకొని బ్రదికిన సీమ ఇది.

భాష సంగతి మనకు తెలిసినదే. 1955లో రాష్ట్రముల పునర్విభజన సంఘమువారు కోలారు జిల్లాలో తెలుగు మాటలాడువారు సగమునకు మించియున్నారని గుర్తించియు, జిల్లాను మైసూరునందే యుంచవలెనని సిఫారసు చేసిరి. నాటినుండి మనము ఇంటిలో తెలుగు, కచేరిలో కన్నడముగ జీవించుచున్నాము. చింతామణి తాలూకాలోని కైవారమున వెలసిన నారేయణ తాతయ్యగారి తెలుగు కీర్తనలను ఇక్కడి భజనమండలులవారు కన్నడ లిపిలోని పుస్తకములు చూచి పాడుట ఈ సీమలో వింతగాదు. మాట యొకటి, లిపి యొకటి, రెండును సొంతములే. బడియిండ్ల విషయమునను ఇట్టి కలయికనే చూతుము. ఇచటి బడియింటిని తెలుగుదనిగాని కన్నడముదనిగాని విడదీయుట సాధ్యము కాదు. అది ఈ కొండల రాతిది, ఈ చెరువుల మట్టిది.

ముందు రాతిమాట. నంది గ్రామమునందలి భోగనందీశ్వరాలయమును చూచినవారికి ఈ నేలలో రాయి ఎంత విధేయమో చెప్పనక్కఱలేదు. గుడికి వలసినంత నునుపు ఇంటికి అక్కఱలేదు గాన, పల్లెలలో రాతిపని మోటుగ నుండెను. పద్ధతి మాత్రము పాతదే. కొండబండపై కట్టెలతో మంటపెట్టి, వేడికి పైపొర బీటవారి లేచునట్లు చేసి, ఉలితో వరుసగ గుంటలు కొట్టి చీల్చి పొడుగాటి పలకలు తీయుదురు. నిలువుగ పాతిన కూసము, దానిపై అడ్డముగ దూలము, ఆపైన పరచిన బండ, మూడును ఒక్క రాయే. కలప తక్కువగనుండు మెట్టసీమలో కఱ్ఱకు బదులు రాయి వాడుట తెలివిగల పని. చెదలు పట్టదు, వానకు నానదు. ఈ పని చేసినవారు వడ్డెరలు, కన్నడదేశమున భోవులనబడువారు. వారిలో చాలమంది యింటి మాట తెలుగే. ఊరూర తిరిగి రాయి కొట్టి ఎందఱి పిల్లలకో బడియరుగులు కట్టిన వారి సొంత పిల్లలకు మాత్రము ఆ అరుగుపై కూర్చుండు భాగ్యము చిరకాలము కలుగలేదు. ఈ మాట మఱల వచ్చును.

పూర్వము మన సీమలో బడి యనగా ప్రత్యేకమైన భవనము కాదు. అయ్యవారి యింటి ముందఱి అరుగే బడి. లేదా ఊరి చావడి, గుడిమంటపము, అశ్వత్థకట్ట. అరుగును కన్నడమువారు జగలి యందురు, అరవవారు తిణ్ణై యందురు. పోర్చుగీసువారి మాటనుండి పుట్టిన ‘పయల్’ అను పేరుతో దొరలు దానిని తమ కాగితములలో వ్రాసికొనిరి. వీధిబడికి వారు పెట్టిన పేరు ‘పయల్ స్కూలు’. ఇంటికిని వీధికిని నడుమనున్న ఆ రెండుమూడు అడుగుల యెత్తు గట్టుపై దక్షిణదేశపు చదువంతయు సాగెనని వారి రికార్డులే చెప్పుచున్నవి.

ఆ రికార్డులను కొంత విప్పి చూతము. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822లో తన రాజధాని పరిధిలోని బడుల లెక్క తీయుమని కలెక్టరులకు ఉత్తరువు చేసెను. 1826 మార్చి నెలలో వెలువడిన ఆయన నివేదిక ప్రకారము అప్పటి మద్రాసు రాజధానిలో 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు. మన మూడు తాలూకాలు మైసూరు సంస్థానములోనివి గాన ఈ లెక్కలో చేరలేదు. కాని బాగేపల్లికి ఉత్తరమున గట్టు దాటిన వచ్చు పెనుకొండ సీమ నాడు బళ్ళారి జిల్లాలోనిది. అనంతపురము జిల్లా ఏర్పడినది 1882లోనే. ఆ బళ్ళారి కలెక్టరు క్యాంబెలు 1823 ఆగష్టులో పంపిన నివేదిక మనకు ఇరుగింటి సాక్ష్యము వంటిది. తన జిల్లాలో 533 బడులు గలవని ఆయన లెక్కించెను. అందులో కన్నడపు బడులు 235, తెలుగు బడులు 226. తక్కినవి సంస్కృతము, మరాఠీ, పారసీ, అరవము, ఇంగ్లీషు. రెండు భాషలు ఇంచుమించు సరిసమానముగ ఒకే వీధిలో బ్రదుకుట మనకు నిన్న మొన్నటి సంగతి కాదని ఈ అంకెలవలన తేలుచున్నది.

క్యాంబెలు దొర బడి సాగు తీరును కన్నులకు గట్టినట్లు వ్రాసినాడు. ఉదయము అందఱికన్న ముందుగ వచ్చిన పిల్లవాని అరచేత సరస్వతి పేరు వ్రాయుదురట, రెండవవానికి సున్న, మూడవవానినుండి బెత్తపు దెబ్బల లెక్క మొదలు. పిల్లలు మొదట ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుదురు. పిమ్మట బియ్యపుపిండియు బొగ్గుపొడియు పూసిన కొయ్యపలకపై వ్రాయుదురు. లేదా గంజిపెట్టి మడతలుగ కుట్టి, బొగ్గును బంకయు పట్టించిన గుడ్డ కడితముపై వ్రాయుదురు. తడిగుడ్డతో తుడిచిన పలక మఱల కొత్తది. వ్రాయు సాధనమునకు ఆయన తన చెవికి వినబడినట్లు ‘బుల్తప’ అని వ్రాసెను. అది మన బలపమే యని వేఱుగ చెప్పవలెనా! ఇసుక ఏటిది, బొగ్గు పొయ్యిది, గంజి వంటింటిది, బలపము కొండది. అంగడిలో కొనవలసిన వస్తువు ఇంచుమించు లేదు. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పు పద్ధతిని ఆయన మెచ్చుకొనుచు, ఇంగ్లండులో దీనిని అనుకరించుట తగినదే యనెను. మద్రాసులోని అనాథాశ్రమమున పనిచేసిన ఆండ్రూ బెల్ అను పాదిరి ఇచటి వీధిబడిలో ఇసుకవ్రాత చూచి, 18వ శతాబ్ది చివర ఇంగ్లండుకు దానిని కొనిపోయెనని విద్యాచరిత్ర చదివినవారెఱుగుదురు.

ఈ పద్ధతికిని అరుగునకును ఉన్న చుట్టరికము గమనింపదగినది. గదులు వేఱుగ నుండి, తరగతికొక గోడ యడ్డముగ నున్న పెద్దపిల్లవాడు చిన్నవానికి దిద్దించుట కుదరదు. పొడుగాటి అరుగుపై ఒక కొసన ఇసుకపిల్లలు, నడుమ పలకపిల్లలు, రెండవ కొసన పద్యములు వల్లించువారు. అయ్యవారు స్తంభమున కానుకొని కూర్చుండి అందఱిని ఒక్క చూపున చూడగలడు. కట్టడమును బట్టి చదువు, చదువును బట్టి కట్టడము.

చల్లదనమును గూర్చి కొంత వివరముగ చెప్పుదును, ఏలయనగా నేటి చర్చకంతకును ఇదియే మూలము. మన ప్రాంతపు మట్టిమిద్దె కప్పు ఇట్లుండును: దూలములు, వానిపై అడ్డకఱ్ఱలు, పైన వెదురో చిన్నకొయ్యలో దట్టముగ పరచి, ఆకు వేసి, జానెడు మందమున మట్టి తొక్కి, అన్నిటిపైన చౌడుమన్ను పఱతురు. ఏటేట వానలకు ముందు చౌడు మఱల వేయవలెను. జానెడు మట్టి పగటి యెండను వెంటనే లోనికి పోనీయదు. మధ్యాహ్నము పైన తగిలిన వేడి లోపలికి దిగునప్పటికి సాయంకాలము దాటును. ఇంటివారికి ఇది కొంత ఇబ్బంది. అందుచేతనే వేసవి రాత్రులు మిద్దెపైన పడక. బడికి మాత్రము ఇంతకన్న తగిన కప్పు లేదు. వేడి లోనికి వచ్చు వేళకు పిల్లలు ఇండ్లకు పోయియుందురు! మందమైన మట్టిగోడకును ఇదే గుణము. అరుగు ముందఱి చూరు క్రిందికి వాలియుండుట వలన నడినెత్తి సూర్యుడు లోనికి చూడలేడు. వాలుగ వచ్చు ఎండ ఏదో ఒక పూట మాత్రమే తగులును, ఆ పూట బడి ఎదుటి యరుగునకు మారును. వీధికి ఎదురెదురుగ అరుగులుండుట ఇందుకును పనికివచ్చెను. ఇక చెట్టుమాట. మన ప్రాంతపు కానుగను కన్నడమువారు హొంగె యందురు. వేసవి ముదురునప్పటికి చెట్లలో కొన్ని మోడువారును. కానుగ అప్పటికే కొత్త చిగురు దట్టముగ తొడిగి నిలుచును. కానుగనీడ చల్లదనము తక్కిన నీడలలో లేదని రైతు ఏ కొలతపరికరము లేకయే చెప్పును.

ఇంత చెప్పినపిమ్మట అరుగుబడిని స్వర్గముగ చిత్రింపవలెనను ఆశ కలుగుట సహజము. మన సంచికలలో పూర్వవైభవ వ్యాసములు పెక్కు ఆ ఆశకు లొంగినవే. కాని అరుగునకు ఎత్తు గలదు. ఎత్తుగల ప్రతిదానికి ఎక్కువారు, ఎక్కగూడనివారు ఏర్పడిరి. ఇంటి అరుగు ఇంటివాని కులాచారమునకు లోబడినది. మాలమాదిగల బిడ్డలు దానిపై కాలుపెట్టుట నాడు ఊహింపరాని మాట. బళ్ళారి లెక్కలో ఆడపిల్లలు నూటికి ఒకరు మించి లేరు. క్యాంబెలే దేశమున దారిద్ర్యము పెరుగుటచేత బడికి పంపలేని తల్లిదండ్రులు హెచ్చుచున్నారని వ్రాసెను. నీడ మంచిదే. ఆ నీడ కొందఱిదే యగుట మంచిది కాదు.

అరుగునుండి బడి దిగి సర్కారు నేలపై నిలిచిన కథ మైసూరు సంస్థానమునకు సంబంధించినది. శాసనముల సంపాదకుడుగ మనకు చిరపరిచితుడైన బి. ఎల్. రైసు దొర విద్యాశాఖలోను అధికారి. 1868లో ఆయన హోబళికొక బడి యను పథకమును నడపించెను. బడి కోరిన ఊరివారు బడియింటిని తామే సమకూర్చవలెను. ఉపాధ్యాయుని సర్కారు ఇచ్చును. ఈ షరతువలన జరిగిన మేలు ఏమనగా, బడియిల్లు ఊరి మేస్త్రి చేత, ఊరి రాతితో, ఊరి మట్టితో లేచెను. గృహము స్థానికము, చదువు రాజ్యముది.

తరువాతి యడుగు మన సీమ బిడ్డడే వేసెను. చిక్కబళ్ళాపురమునకు ఆనుకొనియున్న ముద్దేనహళ్ళిలో పుట్టి, చిక్కబళ్ళాపురమున తొలిచదువు చదివిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పూర్వులు నేటి ఆంధ్రప్రదేశములోని మోక్షగుండము నుండి వచ్చిన తెలుగువారు. 1912 నుండి 1918 వరకు ఆయన దివానుగ నుండిన కాలమున, 1913లో, ప్రాథమిక విద్యా చట్టము వచ్చి, ఎన్నుకొన్న తావులలో నిర్బంధ విద్యకు దారి యేర్పడెను. ఆనకట్టలకే ఆయనను తలచుకొనుట మన యలవాటు. ఆయనకు బడులపై గల పట్టుదల అంతకు తక్కువది కాదు. ఆ కాలపు మైసూరు విద్యాశాఖలో పనిచేసి, 1918 నుండి 1921 వరకు ఇన్‌స్పెక్టరు జనరలుగ నుండిన కట్టమంచి రామలింగారెడ్డిగారు, చిత్తూరు సీమ తెలుగు కవి, విమర్శకుడు, అంటరానివారనబడిన పిల్లలకు సర్కారు బడుల తలుపులు తెఱపించుటకై గట్టిగ పోరాడిరి. కొన్ని యూళ్ళలో పై కులములవారు తమ పిల్లలను మాన్పించిరి. అయినను సర్కారు వెనుదీయలేదు. అరుగుపై సాధ్యముకానిది సర్కారు గడపలోపల సాధ్యమయ్యెను. ఈ ఋణమును మఱచి పాత అరుగులను మాత్రమే పొగడుట కృతఘ్నత.

ఈ మైసూరు కాలపు బడియింటి రూపము మన పెద్దలలో చాలమందికి కన్నులముందు మెదలును. నడుమెత్తు రాతి పునాది. సున్నముతో కట్టిన మందపు గోడలు. ముందువైపున రాతి కూసములో కొయ్య కంబములో నిలిపిన పొడుగాటి పంచ. పైన వాలుగ మంగళూరు పెంకు. సున్నమును గానుగలో త్రిప్పి, కరకకాయ నీరును బెల్లపు నీరును కలిపి మగ్గబెట్టిన గచ్చు గట్టిదనము ఆ పాత గోడలకు మేకు కొట్టబోయినవారికి తెలియును. పెంకు మాత్రము ఈ నేలది కాదు. బాసెలు మిషనువారు 1865లో మంగళూరున పెంకుల కార్ఖానా పెట్టినది మొదలు ఆ యెఱ్ఱపెంకు దక్షిణదేశమంతట వ్యాపించెను. వచ్చిన కొత్తలో అదియు పరదేశియే. కాని రెండు తరములలో మనదైపోయెను. పెంకు పలుచన గాన ఎండవేళ వేడెక్కును. అయితే సందులగుండ వేడిగాలి పైకి పోవును, పొద్దు వాలగానే చల్లబడును. పగిలిన పెంకును తీసి మఱొకటి పెట్టుటకు ఊరిలోని ఏ పనివాడైనను చాలును. పరాయి వస్తువు ఈ నేలకు పొసగినదో లేదో తెలిసికొనుటకు నాకు తోచిన గుఱుతు ఇదియే: చెడినపుడు ఊరివాడే బాగుచేయగలడా?

పంచ, ఈ సర్కారు బడిలోనికి అరుగు మాఱువేషమున ప్రవేశించిన తీరు. ఇక్కడనే ఒకటవ తరగతివారు, ఇక్కడనే వానపూట ఆటలు, ఇక్కడనే గొడుగులు, చెప్పులు.

ఒక విదేశీయుని పేరు ఇచ్చట చెప్పవలెను. హిట్లరు దౌర్జన్యమునకు జర్మనీ విడిచిన ఆటో కోనిగ్స్‌బెర్గరు 1939లో మైసూరు సంస్థానపు వాస్తుశిల్పిగ చేరి తొమ్మిదేండ్లు పనిచేసెను. తరువాత లండనులో ఉష్ణదేశ వాస్తువునకు ఏర్పడిన ప్రత్యేక విభాగమును నడపి, ప్రపంచమున పలుదేశముల విద్యార్థులకు గాలియు ఎండయు చూచి కట్టుట నేర్పెను. ఆయన తొలిపాఠములు మన మైసూరు పంచలలోను, జాలరు గోడలలోను నేర్చినవేయనుట అతిశయోక్తి కాదు.

స్వరాజ్యానంతర కథ త్వరగ చెప్పవచ్చును. ఊరికొక బడి వచ్చెను. పిల్లల సంఖ్య మునుపెన్నడు లేనంత పెరిగెను. గదులు చాలక చెట్లక్రింద బడులు నడచెను. 1987లో వచ్చిన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకమున ప్రతి ప్రాథమిక పాఠశాలకు రెండు పెద్ద గదులు, లోతైన పంచ, బాలబాలికలకు వేఱువేఱు మరుగుదొడ్లు ఉండవలెనని వ్రాసిరి. లోతైన పంచ యను మాటను గమనింపుడు. ఢిల్లీ కాగితములో పంచ కలదు; ఊరికి వచ్చునప్పటికి అది రెండడుగుల సన్‌షేడుగ కుదించుకొనిపోయిన తావులు పెక్కు. పిమ్మట జిల్లా ప్రాథమిక విద్యా పథకము యొక్క మొదటి విడతలో కర్ణాటకమున చేరిన జిల్లాలలో మన కోలారు ఒకటి. 2001 నుండి సర్వశిక్షా అభియాన్, 2010 ఏప్రిలు నుండి విద్యాహక్కు చట్టము. ఉపాధ్యాయునికొక గది, తాగునీరు, వంటగది, ఆటస్థలము, ప్రహరీ ఇప్పుడు చట్టపు మాటలు. ఇవన్నియు రావలసినవే. వచ్చినవి సిమెంటు కప్పుతో వచ్చెను.

సిమెంటు కప్పును తిట్టుట సులభము. అది వచ్చిన కారణములు మఱవరాదు. 2004 జూలై 16న కుంభకోణములో వంటశాలనుండి లేచిన నిప్పు ఆకు కప్పునకంటి 94 మంది పసిపిల్లలు మాడిపోయిరి. 1993 సెప్టెంబరు 30న లాతూరు సీమలో భూమి కంపించినపుడు మట్టితో పేర్చిన రాతిగోడలును, వానిపైనున్న బరువైన మట్టికప్పులును నిద్రించువారిపై కూలి వేలమందిని చంపినవి. మన మిద్దెకు అది దగ్గఱి చుట్టమే. బిడ్డలు కూర్చుండు చోట ‘పూర్వులు ఇట్లే కట్టిరి’ యనుట చాలదు. గోడకు సున్నము, కప్పునకు బంధము, మూలలకు ఇనుపకట్టు, లోనికిని వెలికిని రెండు దారులు ఉండి తీరవలెను.

అయినను నాలుగైదు అంగుళముల సిమెంటు పలక పగలు తాగిన వేడిని పిల్లలు లోపలనున్న మధ్యాహ్నపు వేళకే క్రిందికి కక్కును. పడమటిగోడకు నీడలేని గదిలో మార్చి నెల పరీక్ష వ్రాయు పిల్లవాని అవస్థ బాగేపల్లి వైపు పోయి చూచినవారికి తెలియును. ఒకే నకలు పటము మలెనాటి కుంభవృష్టి ఊరికిని, మన మెట్టసీమకును పంపుటవలని ఫలమిది. నీటి సంగతియు ఇట్టిదే. చెరువులు పూడి, బావులు ఎండి, గొట్టపుబావులు లోతైనకొలది బాగేపల్లి, చింతామణి ప్రాంతపు నీటిలో ఫ్లోరైడు హెచ్చి పిల్లల పండ్లపై మచ్చలు తేలెను. చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన పడిన ఒక లీటరు నీరు. నూరు చదరపు మీటర్ల బడికప్పుపై మన 700 మిల్లీమీటర్ల వానను పట్టిన, పోయినది పోగా ఏడాదికి ఏబదివేల లీటర్లు మిగులును. కర్ణాటక రాష్ట్రమునకు 50 ఏండ్లు నిండిన తరుణమున సువర్ణజల యను పేర పల్లెబడులకు వాననీటి తొట్లు కట్టిరి. ఆలోచన మంచిది. కప్పు ఊడ్చువారు, తొట్టి కడుగువారు ఎవరో నిర్ణయింపని తావులలో అవి వట్టిపోయినవి. చౌడుమన్ను ఏటేట వేయవలెనను పాత నియమమును ఊరివారు పాటించిరి, ఏలయన అది వారి కప్పు.

ఇతర దేశములవారు ఈ చిక్కును విప్పిన తీరు చూడదగినది. పశ్చిమాఫ్రికాలోని బుర్కినాఫాసోలో గాండో యనునది మన బాగేపల్లి పల్లెలకన్న పేదయూరు. అచట పుట్టి జర్మనీలో వాస్తువు నేర్చిన ఫ్రాన్సిస్ కెరే, ఊరివారి చేతులతోనే మట్టియిటుకలు వత్తించి, 2001లో మూడు గదుల బడి కట్టించెను. కప్పు రేకుదే; కాని గదిపై నేరుగ పెట్టక, సందులుగల ఇటుక కప్పుపైన ఎత్తుగ నిలిపెను. నడుమ గాలి పాఱి వేడిని కొనిపోవును. 2022లో ఆయనకు వాస్తువిద్యలో అత్యున్నతమైన ప్రిట్జ్‌కర్ పురస్కారము లభించెను. బంగ్లాదేశములోని రుద్రపూరున 2005లో మట్టితోను వెదురుతోను కట్టిన బడియు ఇట్లే ప్రసిద్ధి కెక్కెను. దూరము పోనక్కఱయు లేదు. బెంగుళూరులో మనవారు టాటా ఇన్‌స్టిట్యూటు అని పిలుచు విజ్ఞానసంస్థలో 1974లో అస్త్ర యను పల్లె సాంకేతిక విభాగము ఏర్పడి, మట్టిలో కొలదిపాటి సిమెంటు కలిపి యంత్రముతో నొక్కిన ఇటుకపై ఏండ్ల తరబడి పరిశోధించినది. దానిని కాల్చనక్కఱలేదు, ఒక బట్టీకి వలసిన కట్టెలు మిగులును.

భాషమాట ఒకటి చెప్పక తప్పదు. 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఏ అధికరణము అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కల్పింపవలెనని రాష్ట్రములను ఆదేశించుచున్నది. మన సీమ బడులలో పాఠము కన్నడమున సాగును. అది ఈ నాటి రాజ్యభాష, నేర్వవలసినదే. కాని గదిలో కన్నడము వల్లించిన బిడ్డ పంచలోనికి రాగానే తెలుగున తగవులాడును, తెలుగున కథ చెప్పును, తెలుగున లెక్క సరిచూచుకొనును. పంచలేని బడిలో ఆ మాటకు చోటేది? గదినుండి నేరుగ ఎండలోనికి, ఎండనుండి బస్సులోనికి. కట్టడమునకు భాషతో ఏమి పని యనువారు ఈ సంగతి ఒకసారి ఆలోచింతురు గాక.

మన సంఘములోని కుటుంబములు కొన్ని తమ సొంత ఊరి బడికి పెద్దల పేర ఒక గది కట్టింపవలెనని యుత్సాహపడుట సంతోషము. చందా యిచ్చువారు శిలాఫలకముపై పేరు అడుగుదురు, తప్పుకాదు. దానితోపాటు మఱికొన్నియు అడుగవచ్చును. గది పొడుగు తూర్పుపడమరలుగ నుండి కిటికీలు ఉత్తరదక్షిణములకు రావలెను. పడమటి గోడకు కిటికీ మానుకొని, దాని వెలుపల కానుగ నాటవలెను. సిమెంటు కప్పే యని ఇంజనీరు పట్టుబట్టిన, దానిపై పాత పెంకులో సున్నపు పూతయో వేయించుటకు పెద్దఖర్చు కాదు. పంచ ఎనిమిది అడుగులకు తగ్గరాదు. దాని అంచున పిల్లవాడు కాళ్ళు వ్రేలాడవేసి కూర్చుండునంత యెత్తు అరుగు, చక్రపుబండి పిల్లవానికి వాలుదారి. అరుగు అందఱిదిగ కట్టిన అరుగే అరుగు. ఏటేట తొట్టి కడుగుటకును కప్పు చూచుటకును కొంత పైకము వేఱుగ బ్యాంకులో వేసి, దాని వడ్డీని బడి అభివృద్ధి సమితికి అప్పగింపవలెను.

పాత బడిని కూల్చినపుడు దాని రాతి కూసములును బండలును గుత్తదారు బండిలో వెడలిపోవుట తఱచు. తరువాత అవి ఏ తోటయింటి ద్వారమునందో, ఏ హోటలు ముంగిటనో అలంకారముగ కనబడును. ఒప్పందపత్రములో ఒక్క పంక్తి వ్రాయించిన ఆ బండలు ఊరిలోనే నిలిచి కొత్త పంచకు అరుగగును. బడులకు వేసవి సెలవులు ఏప్రిలు నడుమనుండి మే కడవఱకు; పునాది తవ్వవలసినది ఆ వారములలోనే గాన, ఊరి పెద్దలతోను ప్రధానోపాధ్యాయునితోను మాటలాడుటకు సంక్రాంతికి ఊరు వెళ్ళినపుడే తగిన సమయము.